రెండు గీతల మధ్య లారీ బతుకు

ఆయిలు మట్టం చూడడానికి పట్టేది రెండు నిమిషాలు - చూడకపోతే పోయేది ఇంజను

విజయవాడ: ఎడ్లబండి కాలంలో రైతుకు ఒక సౌకర్యం ఉండేది. ఇరుసులో కందెన ఆరిపోతే బండి ఊరుకునేది కాదు. ఊరంతా వినిపించేలా కీచుమని అరిచేది. బండి తోలే మనిషి కిందికి దిగి, ఆముదంలో మసి కలిపి చేసిన కందెనను ఇరుసుకు పూసి మళ్లీ తోలుకునేవాడు. కందెన అయిపోయిందని బండే చెప్పేది.

లారీ ఇంజను అలా చెప్పదు. లోపల ఆయిలు తగ్గినా అది నిన్నటిలాగే స్టార్టవుతుంది. నిన్నటిలాగే లోడు లాగుతుంది. అది చప్పుడు చేయడం మొదలుపెట్టేసరికి చేయగలిగిందేమీ మిగలదు. బేరింగులు కొట్టేసి, క్రాంకు మీద గీతలు పడి, ఇంజను పట్టేస్తుంది.

అందుకే ఇంజను పక్కన ఒక సన్నటి కడ్డీని పెట్టారు. కొందరు దాన్ని గేజి అంటారు, కొందరు డిప్‌స్టిక్కు అంటారు. దాని చివర రెండు గీతలుంటాయి. లక్షలు పోసి కొన్న లారీ, దాని మీద ఆధారపడిన కుటుంబం, నెలనెలా కట్టాల్సిన ఫైనాన్సు వాయిదా అన్నీ ఆ రెండు గీతల మధ్యే ఉన్నాయంటే అతిశయోక్తి కాదు.

షెడ్డు ముందు తగవు

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను పనులు చేసే షెడ్ల ముందు ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. క్యాబిన్ ముందుకు వంచిన లారీ ఒకటి నిలబడి ఉంటుంది. ఇంజను దించి, విప్పిన సామాన్లన్నీ పట్టా మీద పరిచి ఉంటారు. క్రాంకు షాఫ్టు మీద గోరు తగిలేంత లోతున గీతలు. నున్నగా మెరవాల్సిన షెల్ బేరింగులు నల్లగా కాలి పొరలు లేచి ఉంటాయి. పాత టైరు మీద కూర్చుని యజమాని వాటినే చూస్తుంటాడు. కాస్త ఎడంగా తల దించుకుని డ్రైవరు నిలబడి ఉంటాడు.

కొంతసేపటికి మాటలు మొదలవుతాయి. "నువ్వు చూసుకోవద్దా?" అంటాడు యజమాని. "ఆయిలు తగ్గుతోందని పోయిన ట్రిప్పులోనే చెప్పానుగదండీ" అంటాడు డ్రైవరు. ఎవరి మాట నిజమో తేల్చే సాక్ష్యం ఎక్కడా ఉండదు. మేస్త్రి ఈ తగవులో తల దూర్చడు. కావలసిన సామాన్ల జాబితా రాసి చేతిలో పెడతాడు.

ఆ జాబితాలో లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ల సెట్టు ఉంటాయి. క్రాంకును గ్రైండింగుకు పంపాలి. అది మరీ అరిగితే కొత్తదే వేయాలి. ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. పని పూర్తయ్యేదాకా బండి కదలదు. వాయిదా మాత్రం ఆగదు. ఇంతకూ ఆ ఇంజనులో తక్కువైంది కొన్ని లీటర్ల ఆయిలు.

వేసవిలో అయితే నష్టం ఇంకా ఎక్కువ. నున్న మార్కెట్టులో మామిడికాయలు ఎత్తుకుని ఢిల్లీకి బయలుదేరే లారీ 1,700 కిలోమీటర్లకు పైగా నడవాలి. ఎండ, లోడు, తొందర మూడూ ఇంజను మీదే పడతాయి. మధ్య దారిలో ఇంజను పట్టేస్తే యజమానికి ఇంజను పోవడంతో ఆగదు. కాయలు లారీలోనే మాగిపోతాయి. ఆ నష్టంలో వ్యాపారికీ రైతుకూ కూడా వాటా వస్తుంది.

లోపల ఆయిలు చేసే పని

ఇంజను అడుగున తొట్టిలాంటి ఛాంబరు ఉంటుంది. ఆయిలు నిలవుండేది అందులోనే. ఇంజను తిరగగానే ఒక పంపు జాలీ గొట్టం ద్వారా ఆ ఆయిలును పీల్చి, ఫిల్టరు గుండా పైకి తోస్తుంది. అది క్రాంకు బేరింగులకు, కనెక్టింగ్ రాడ్లకు, క్యామ్ షాఫ్టుకు, పైనున్న రాకర్లకు, టర్బోకు చేరుతుంది. పని చేసి మళ్లీ ఛాంబరులోకి జారుతుంది. ఇంజను నడిచినంతసేపూ ఈ చుట్టు ఆగదు.

మంచి స్థితిలో నడిచే ఇంజనులో క్రాంకు నిజానికి బేరింగును తాకదు. రెంటి మధ్య వెంట్రుక కంటే పలచని ఆయిలు పొర ఉంటుంది. టన్నుల కొద్దీ బరువు లాగే శక్తి అంతా ఆ పొర మీదే నిలబడి తిరుగుతుంది. పొర తెగితే ఇనుముకు ఇనుము తగులుతుంది. అప్పుడు పుట్టే వేడికి బేరింగు మెత్తబడి క్రాంకుకు అంటుకుంటుంది. ఇదంతా జరగడానికి గంటలు పట్టదు. లోడుతో ఉన్న బండికి కొన్ని నిమిషాలు చాలు.

జారుడునిచ్చే పని ఒక్కటే కాదు. పిస్టన్ల వేడిని ఆయిలే మోసుకొస్తుంది. డీజిలు మండగా మిగిలిన మసిని కడిగి తనలో ఉంచుకుంటుంది. రింగులకు, లైనరుకు మధ్య సందు మూసి కంప్రెషన్ బయటికి పోకుండా ఆపుతుంది. లోపలి భాగాలకు తుప్పు పట్టనివ్వదు. పదిమంది కూలీలు వేసే నాటును ఆరుగురితో వేయిస్తే ఆ ఆరుగురూ ఎలా అలసిపోతారో, తగ్గిన ఆయిలూ అలాగే అలసిపోతుంది. తొందరగా వేడెక్కుతుంది, తొందరగా చెడుతుంది.

మట్టం తగ్గిన బండి చదును రోడ్డు మీద బాగానే నడిచినట్టు కనిపిస్తుంది. అసలు ముప్పు ఎత్తుల్లో, వంపుల్లో ఉంటుంది. పరిటాల వైపు క్వారీల్లో రాయి ఎత్తుకుని వాలు దారి ఎక్కే టిప్పరునే తీసుకుందాం. బండి ముక్కు పైకి లేస్తుంది. ఛాంబరులోని కొద్దిపాటి ఆయిలు ఒక పక్కకు ఒరుగుతుంది. పంపు గొట్టం ఆయిలుకు బదులు గాలి పీలుస్తుంది. సరిగ్గా ఇంజను ఎక్కువ బలం పెట్టే సమయానికే బేరింగులకు ఆయిలు అందదు. ఎత్తు ఎక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆయిలు దీపం మినుకుమంటే అది మట్టం తగ్గిందనడానికి తొలి గుర్తు.

కడ్డీ చూసే పద్ధతి

పద్ధతి తెలియక తప్పుగా చూసేవారే ఎక్కువ. సరైన పద్ధతి ఇది.

మొదటిది, బండి చదునైన నేల మీద ఉండాలి. రోడ్డు పక్క మార్జిన్‌లో ఆపిన లారీ ఒక పక్కకు వంగి ఉంటుంది. అక్కడ చూసిన మట్టం తప్పుడు లెక్క చెబుతుంది. బంకులో సిమెంటు నేల, కాటా మీది పలక, మిల్లు ఆవరణ ఇందుకు అనువైన చోట్లు.

రెండవది, చూడాల్సిన వేళ. ఉదయం ఇంజను స్టార్టు చేయకముందు చూడడం అన్నింటికన్నా మేలు. రాత్రంతా ఆగిన బండిలో ఆయిలు మొత్తం ఛాంబరులోకి దిగి ఉంటుంది. దారిలో చూడాల్సి వస్తే ఇంజను ఆపి పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఆపిన వెంటనే చూస్తే ఇంకా పైన ఉన్న ఆయిలు లెక్కలోకి రాదు. మట్టం తక్కువగా కనిపిస్తుంది. అది నమ్మి మరో రెండు లీటర్లు పోస్తే తర్వాత ఎక్కువవుతుంది. కొన్ని కంపెనీల ఇంజన్లకు వేడిగా ఉన్నప్పుడే చూడాలని బండి పుస్తకంలో రాసి ఉంటుంది. అలాంటప్పుడు పుస్తకంలోని మాటే పాటించాలి.

మూడవది, కడ్డీని బయటికి తీసి శుభ్రమైన నూలుగుడ్డతో తుడవాలి. పోగులు ఊడే గుడ్డ, ఇసుక అంటిన గుడ్డ పనికిరావు. తుడిచిన కడ్డీని చివరిదాకా దింపి మళ్లీ తీయాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది లెక్క కాదు. ప్రయాణంలో చిలికిన ఆయిలు కడ్డీ పొడవునా అంటుకుని ఉంటుంది. రెండోసారి కనిపించేదే అసలు మట్టం.

నాలుగవది, మట్టం కింది గీతకు, పై గీతకు మధ్య ఉండాలి. పై గీతకు దగ్గరగా ఉంటే దూర ప్రయాణానికి నిశ్చింత. కింది గీతకు చేరితే పోయాల్సిందే. కింది గీత కంటే దిగువన ఉంటే ఇంజను స్టార్టు చేయనే కూడదు.

ఆయిలు పోసేటప్పుడు ముందు మూత చుట్టూ ఉన్న దుమ్ము తుడవాలి. తర్వాతే మూత తీయాలి. శుభ్రమైన గరాటుతో కొద్దికొద్దిగా పోయాలి. ఒక లీటరు పోశాక కొన్ని నిమిషాలు ఆగి, కడ్డీ చూసి, అవసరమైతే మరికొంత పోయాలి. చివర మూత బిగించడం, కడ్డీని పూర్తిగా దింపడం మరవకూడదు.

ఇంకో సంగతి. రెండు గీతల మధ్య ఎన్ని లీటర్ల తేడా ఉందో ప్రతి డ్రైవరుకూ తెలియాలి. చిన్న ట్రక్కుకు ఒక లెక్క, పెద్ద లారీకి ఒక లెక్క. ఇది బండి పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే తర్వాతి ఆయిలు మార్పిడి రోజున మేస్త్రి దగ్గర నిలబడి, కింది గీత నుంచి పై గీతకు రావడానికి ఎన్ని లీటర్లు పట్టిందో చూసి రాసుకోవచ్చు.

పాత బండ్లలో ఒక మోసం జరుగుతుంటుంది. అసలు కడ్డీ పోతే వేరే ఇంజను కడ్డీ తెచ్చి పెడతారు. పొడవులో వేలెడు తేడా ఉన్నా చాలు, అది రోజూ అబద్ధమే చెబుతుంది. సెకండ్‌హ్యాండు లారీ కొన్నవారు కడ్డీ ఆ ఇంజనుదేనా అని ముందు తేల్చుకోవాలి.

ఎక్కువ పోస్తే బలమా?

తగ్గితే ముప్పు గనుక కాస్త ఎక్కువే ఉంటే మంచిదని అనుకునేవారున్నారు. అన్నంలో నెయ్యిలాంటిది కాదిది. మట్టం పై గీత బాగా దాటితే తిరిగే క్రాంకు ఆయిలును తాకి కవ్వంలా చిలుకుతుంది. ఆయిలు నురుగెక్కుతుంది. నురుగంటే సగం గాలి. పంపు ఆ నురుగును తోస్తే బేరింగుల దగ్గర పొర నిలవదు. చివరికి ఆయిలు తగ్గితే ఏం జరుగుతుందో, ఎక్కువైనా అదే జరుగుతుంది.

పైగా లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర లీకులు మొదలవుతాయి. బ్రీదరు గొట్టం గుండా ఆయిలు బయటికి చిమ్ముతుంది. కొన్ని ఇంజన్లలో ఆ గొట్టం గాలి పీల్చే దారిలో కలుస్తుంది. అలా లోపలికి చేరిన ఆయిలు డీజిలులా మండి, ఇంజను అదుపు తప్పి తిరిగే ప్రమాదం కూడా ఉంది. అందుచేత ఎక్కువ పోసినట్టు తెలిస్తే డ్రెయిను నట్టు వదులు చేసి కొంత తీసేయాలి. "ఎలాగూ ఖర్చవుతుందిలే" అని వదిలేయకూడదు.

తగ్గిన ఆయిలు ఎక్కడికి పోయింది?

నడిచే ఇంజను కొద్దో గొప్పో ఆయిలు ఖర్చు చేస్తుంది. అది సహజం. కాని ఎంత ఖర్చవుతోంది, ఆ లెక్క మారుతోందా అన్నదే అసలు ప్రశ్న. మూడు వేల కిలోమీటర్లకు ఒక లీటరు పట్టే బండి ఉందనుకుందాం. అది వెయ్యి కిలోమీటర్లకే లీటరు అడగడం మొదలుపెడితే, పోసుకుంటూ పోవడం పరిష్కారం కాదు. కారణం వెతకాలి.

ఆయిలు పోయే దారులు మూడు. మొదటిది బయటికి కారడం. రాత్రి బండి ఆపినప్పుడు ఇంజను కింద అట్టముక్క పరిస్తే ఉదయానికి గుట్టు బయటపడుతుంది. ఛాంబరు గ్యాస్కెట్టు, డ్రెయిను నట్టు వాషరు, ఫిల్టరు, రాకరు మూత, క్రాంకు వెనక సీలు ముందుగా చూడాల్సిన చోట్లు. అట్టమీద చుక్కలు ఎక్కడ పడ్డాయో చూపిస్తే మేస్త్రి పని సగం తగ్గుతుంది.

రెండవది లోపలే మండిపోవడం. రింగులు అరిగినా, వాల్వు గైడులు వదులైనా ఆయిలు పైకి చేరి డీజిలుతో పాటు మండుతుంది. పాత బండ్లలో అప్పుడు నీలిరంగు పొగ వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో పొగగొట్టం దారిలోనే మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దానివల్ల పొగ బయటికి కనిపించకపోవచ్చు. ఇలాంటి బండ్లలో పొగను నమ్ముకుంటే మోసపోతారు. కడ్డీ ఒక్కటే ఆధారం.

మూడవది చాలామంది దృష్టికి రాని దారి. గాలి బ్రేకుల లారీలో గాలి నింపే కంప్రెసరుకు కూడా ఇంజను ఆయిలే వెళుతుంది. కంప్రెసరు రింగులు అరిగితే ఆయిలు గాలితో పాటు ట్యాంకుల్లోకి పోతుంది. గాలి ట్యాంకు కింది కుళాయి విప్పినప్పుడు నీటితో పాటు జిడ్డుగా ఆయిలు పడుతుంటే దొంగ అక్కడున్నాడని అర్థం. ఇది ఇంజనుకే కాదు, బ్రేకులకూ చేటే. టర్బో సీలు పోయినా ఆయిలు ఇలాగే గుట్టుచప్పుడు కాకుండా ఖర్చవుతుంది.

ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం బూడిద తోలే లారీలు, క్వారీ టిప్పర్లు నడిపేవారు ఇంకో జాగ్రత్త కూడా తీసుకోవాలి. గాలి ఫిల్టరు గొట్టానికి చిన్న చిల్లు పడినా దుమ్ము నేరుగా సిలిండరులోకి పోతుంది. అది ఆకురాయిలా రింగులను, లైనరును అరగదీస్తుంది. ఆయిలు ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. దుమ్ములో నడిచే బండికి ఆయిలు కడ్డీ, గాలి ఫిల్టరు రెండూ కలిపి చూడాలి.

మట్టం పెరిగితే సంతోషించవద్దు

ఆయిలు పోయకుండానే కడ్డీ మీద మట్టం పెరగడం కొన్నిసార్లు జరుగుతుంది. "మన బండి ఆయిలే తాగదు" అని మురిసిపోయేవారు ఇక్కడే దెబ్బతింటారు. ఆయిలు తనంతట తాను పెరగదు. మట్టం పెరిగిందంటే మరేదో వచ్చి కలిసిందని అర్థం. ఆ వచ్చేది నీరు కావచ్చు, డీజిలు కావచ్చు.

నీరు కలిస్తే ఆయిలు మజ్జిగలా తెల్లబారుతుంది. మూత లోపలి వైపు తెల్లటి మీగడ కడుతుంది. రేడియేటరులో నీళ్లు తరుగుతుంటాయి. హెడ్ గ్యాస్కెట్టు పోయినా, లైనరు కింది రబ్బరు రింగులు చెడినా, ఆయిలు కూలరు చిల్లిపడినా ఇలా జరుగుతుంది. బండి రాత్రంతా ఆగాక డ్రెయిను నట్టును జాగ్రత్తగా కొద్దిగా వదులు చేస్తే, ఆయిలు కంటే బరువైన నీరు అడుగున చేరి ఉంటుంది గనుక ముందు నీటి చుక్కలే పడతాయి.

డీజిలు కలిస్తే ఆయిలు పలచబడుతుంది. కడ్డీ మీంచి నీళ్లలా జారిపోతుంది. ముక్కుకు డీజిలు వాసన తగులుతుంది. ఇంజెక్టరు కారడం, డీజిలు పంపు సీలు పోవడం ఇందుకు ముఖ్యమైన కారణాలు. బి.ఎస్.-6 బండ్లలో పొగ ఫిల్టరులోని మసిని కాల్చడానికి ఇంజను అప్పుడప్పుడూ అదనంగా డీజిలు వాడుతుంది. బండి ఎప్పుడూ దగ్గర దూరాలే తిరుగుతూ, ఆ కాల్పు మధ్యలో తరచు ఆగిపోతుంటే ఆ డీజిలులో కొంత ఆయిలులోకి దిగుతుంది.

ఈ రెండింటిలో ఏది జరిగినా ఆ ఆయిలుతో బండి నడపకూడదు. ఆయిలు మారిస్తే సరిపోదు. కారణం సరిచేసి అప్పుడు మార్చాలి. రంగు విషయంలో ఒక అపోహ కూడా ఉంది. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని కడిగి తనలో దాచుకోవడం దాని పని గనుక నలుపు అయినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. భయపడాల్సింది తెల్లబారినప్పుడు, పలచబడినప్పుడు, వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడినప్పుడు.

ఎర్ర దీపం వెలిగితే

డ్యాష్‌బోర్డు మీది ఆయిలు దీపం ఉందిగదా, కడ్డీ ఎందుకని అడిగేవారున్నారు. ఆ దీపం సాధారణంగా చూపేది మట్టాన్ని కాదు, ఒత్తిడిని. ఆయిలు పంపు తోసే ఒత్తిడి పడిపోయాకే అది వెలుగుతుంది. ఇంటికి నిప్పంటుకున్నాక వినిపించే కేక లాంటిది అది. కడ్డీ చూడడమంటే పడుకోబోయే ముందు పొయ్యి ఆర్పడం.

దీపం వెలిగితే, బజరు మోగితే, ముందున్న దాబాదాకా పోదామనుకోకూడదు. క్షేమంగా ఆపగలిగిన మొదటి చోటే ఆపి ఇంజను కట్టేయాలి. బండి కింద ఆయిలు కారుతోందేమో చూడాలి. పది పదిహేను నిమిషాలాగి కడ్డీ చూడాలి. మట్టం తక్కువుంటే పోసి స్టార్టు చేయాలి. కొన్ని క్షణాల్లో దీపం ఆరాలి. ఆరకపోయినా, మట్టం సరిగా ఉండి కూడా దీపం వెలుగుతున్నా ఇంజను తిప్పకూడదు. పంపు, జాలీ, బేరింగులు, సెన్సారు, ఏదైనా కారణం కావచ్చు. మేస్త్రిని అక్కడికి రప్పించుకోవడమో, బండిని కట్టి లాగించుకోవడమో చేయాలి. లాగించిన ఖర్చు ఎంతైనా క్రాంకు ఖర్చు కంటే తక్కువే.

ఏ ఆయిలు పోయాలి?

డబ్బా మీద 15డబ్ల్యు-40 వంటి అంకె ఉంటుంది. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిలు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండో అంకె బాగా వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. దాని పక్కన సి.ఐ.-4 ప్లస్, సి.కె.-4 వంటి గుర్తులుంటాయి. అవి నాణ్యత తరగతులు. బి.ఎస్.-6 బండ్లకు కాలినప్పుడు తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే వాడాలి. పాత రకం పోస్తే ఆ బూడిద పొగ ఫిల్టరులో పేరుకుని దాన్ని మూసేస్తుంది. కాబట్టి పొరుగు లారీవాడు ఏం పోశాడన్నది కాదు, మీ బండి పుస్తకంలో ఏం రాసి ఉందన్నదే లెక్క.

దూరం పోయే బండిలో అదే రకం ఆయిలు సీలు తీయని డబ్బా ఒకటి ఎప్పుడూ ఉండాలి. అది లేకనే దారిలో దొరికిన ఏదో ఒక విడి ఆయిలు పోయాల్సి వస్తుంది. నకిలీ సరుకు భయం ఉంది గనుక ఏజన్సీ దుకాణంలో బిల్లు తీసుకుని కొనాలి. ఖాళీ డబ్బాను చిల్లు పొడిచి పారేయాలి. మీ ఖాళీ డబ్బాలోకే నకిలీ ఆయిలు చేరి మళ్లీ మీ దగ్గరికే రావచ్చు.

క్లీనరు లేని లారీ

ఒకప్పుడు లారీకి డ్రైవరుతో పాటు క్లీనరు తప్పనిసరిగా ఉండేవాడు. తెల్లవారగానే అద్దం తుడవడం, టైర్లు తట్టి చూడడం, నీళ్లు, ఆయిలు చూడడం అతని పని. స్టీరింగు పట్టబోయే ముందు ప్రతి కుర్రవాడూ నేర్చుకున్న మొదటి పాఠం కడ్డీయే. ఇప్పుడు చాలా లారీలు ఒక్క డ్రైవరుతోనే నడుస్తున్నాయి. క్లీనరు పోయాడు, అతని పని మాత్రం అలాగే మిగిలింది. ఎవరిదని చెప్పని పని ఎవరూ చేయరు.

దీనికి తోడు ఆయిలు మార్చే గడువులు పెరిగాయి. కొత్త తరం పెద్ద లారీల్లో కొన్నిటికి నలభై వేల కిలోమీటర్లు దాటినా మార్చనక్కర లేదు. మంచిదే. కాని మార్చే గడువు పెరిగిందంటే చూసే గడువు కూడా పెరిగిందని అర్థం కాదు. వెనక తొందరగా మార్చేవారు గనుక ఆ వంకతో మట్టం కూడా మేస్త్రి కంటబడేది. ఇప్పుడు నెలల తరబడి ఎవరూ చూడకుండా గడిచిపోయే వీలుంది.

దీనికి మందు నూరు పేజీల నోటుపుస్తకం. ఒక వరుసలో తేదీ, కిలోమీటర్లు, కడ్డీ మీద మట్టం, పోసిన లీటర్లు రాస్తే చాలు. రోజుకు ఒక్క వరుస. నెల తిరిగేసరికి ఆ బండి అసలు ఎంత ఆయిలు తాగుతుందో తెలుస్తుంది. లెక్క మారిన రోజు కంటికి కనిపిస్తుంది. యజమాని వారానికోసారి ఆ పుస్తకం చూసి సంతకం పెట్టాలి. డ్రైవరు ఆయిలు కావాలని రాస్తే ఆ రోజే డబ్బు ఇవ్వాలి. బత్తాలోంచి కొనమంటే ఏ డ్రైవరూ కొనడు. షెడ్డు ముందు "నేను చెప్పాను, నువ్వు చూడలేదు" అనే తగవుకు కూడా ఈ పుస్తకమే సాక్షి. చదువు అంతగా రాని డ్రైవరైతే రోజూ కడ్డీ ఫొటో తీసి యజమాని ఫోనుకు పంపినా సరిపోతుంది.

ట్రాక్టరు ఉన్నవారికీ ఇదే మాట

లారీ లేదు గనుక ఇది మనకు కాదని రైతులు అనుకోనక్కర లేదు. ట్రాక్టరుకూ, చిన్న ట్రాలీ ఆటోకూ, పొలంలో డీజిలు ఇంజనుకూ ఉన్నది ఇదే కడ్డీ, ఇవే రెండు గీతలు. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా ఆగదు. బురదలో ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. అలాంటప్పుడు మట్టం కింది గీతకు దగ్గరగా ఉంటే ప్రమాదం. ఉదయం పొలంలో దిగకముందే ఇంటి ముందు చదును నేల మీద చూసుకోవాలి. ట్రాక్టరుకు కిలోమీటర్లు కాదు, మీటరు మీది గంటలు లెక్క. పుస్తకంలో గంటలు రాసుకోవాలి.

ఆయిలు, ఫిల్టరు మార్చిన రోజున మరో జాగ్రత్త. కొత్త ఫిల్టరు కొంత ఆయిలును తనలో నింపుకుంటుంది. పై గీతకు పోసి వదిలేయకుండా ఇంజను రెండు మూడు నిమిషాలు తిప్పి, ఆపి, కాసేపాగి మళ్లీ చూడాలి. తగ్గినంత పోయాలి. ఫిల్టరు దగ్గర, డ్రెయిను నట్టు దగ్గర చెమ్మ ఉందేమో తడిమి చూడాలి.

టర్బో ఉన్న బండ్లవారు లోడు దించగానే తాళం తిప్పి ఆపేయకూడదు. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ఇంజను ఆగితే ఆయిలు ఆగుతుంది, కాని టర్బో వెంటనే ఆగదు, చల్లారదు. రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపితే అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

తీసిన పాత ఆయిలును కాలువలో, బావి గట్టున పారబోయవద్దు. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. దాన్ని డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకు పంపేవారికే ఇవ్వాలి. మన కాలువ నీరు మన పశువులే తాగాలి, మన పొలాలకే పారాలి.

రేపు ఉదయం

బండి కొన్న రోజున కొబ్బరికాయ కొడతాం. నిమ్మకాయలు తొక్కిస్తాం. దసరాకు పూజ చేస్తాం. ఇవన్నీ ఏడాదికోసారి. కడ్డీ మాత్రం రోజూ చూడాలి. చదును నేల, చల్లని ఇంజను, శుభ్రమైన గుడ్డ, రెండు గీతలు. ఇంతకు మించి ఇందులో విద్య లేదు.

రేపు ఉదయం తాళం చెవి తిప్పకముందు ఒకసారి కడ్డీ తీసి చూడండి. కింది గీత దగ్గర మట్టం కనిపిస్తే కంగారుపడవద్దు. అది కనిపించడమే మీ అదృష్టం. ఆయిలు డబ్బా ఖరీదు వందల్లో, వేలల్లో ఉంటుంది. చూడకుండా బయలుదేరితే చేతికొచ్చే జాబితా లక్షల్లో ఉంటుంది.